మా బావగారి బొటనవేలు

మొన్న రేపల్లె ప్యాసింజరు కోసం తెనాలి స్టేషన్లో కూర్చుని ఉంటే, చేపల బుట్ట పక్కన పెట్టుకున్న ఒకావిడ నన్ను పోల్చుకుంది.

"మీరు బొటనవేలాయన గారి మరదలు కదండీ? ఆయన ఈ మధ్య రైల్లో కనిపించట్లేదేంటండి?" అంది.

"పోయారమ్మా. ఆరు నెలలైంది" అన్నాను.

"అయ్యో! ఎంత మంచి చెయ్యండీ అది! నా మెడ ఆయనే సర్దారు. ఒకే ఒక్క నొక్కు."

"తగ్గిందా మరి?"

ఆవిడ ఎవరన్నా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసింది. చూసిందంటే మెడ తిప్పి కాదు, ఒళ్ళంతా తిప్పి చూసింది. "ఎక్కడ తగ్గిందండీ? ఇదిగో, ఇప్పటికీ ఇట్లాగే బిగుసుకుపోయి ఉంది. పెద్దాయన అంత ఇదిగా అడుగుతుంటే తగ్గిందనే చెప్పాను లెండి."

రైలెక్కి వేమూరు వచ్చేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. వేమూరు దాటాక నవ్వు రాలేదు.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. తెనాలిలో ఒకే ఇంట్లో ముందు వాటా వాళ్ళది, వెనక వాటా మాది. ఆయనది ఎరువుల కొట్లో గుమాస్తా ఉద్యోగం. అక్కడ ఆయన ఎరువులు అమ్మగా చూసినవాళ్ళు లేరు. యూరియా కోసం వచ్చిన రైతుని బల్ల మీద కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, వీపు తడుముతూ ఉండేవారు. కొట్టు ఓనరు ముందు విసుక్కున్నాడు గానీ, తర్వాత అతని వీపు కూడా ఒకరోజు దొరికిపోయింది. ఆ తర్వాత అతను ఏమీ అనలేదు. అనడానికి ఓపిక లేక అని మా ఆయన అంటారు. కొట్టుకి సెలవైతే బావగారు రేపల్లె రైలెక్కి, పెట్టెలో కూర్చున్నవాళ్ళ వీపులు చూసేవారు.

ఆయన కుడిచేతి బొటనవేలు మామూలు మనుషుల వేలులా ఉండేది కాదు. నొక్కీ నొక్కీ చివర బల్లపరుపుగా అయిపోయి, చిన్న అట్లకాడలాగా ఉండేది. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకోవడానికన్నా ముందు దానికి నువ్వుల నూనె రాసేవారు. "దేవుడి దీపానికి లేకపోయినా ఫరవాలేదు, ఆ వేలికి మాత్రం నూనె ఉండాలి" అని అక్క సణుక్కునేది. అక్కంటే ఆయన భార్య, నా తోటికోడలు. చలికాలం వస్తే వేలికి విడిగా గుడ్డ చుట్టుకునేవారు. ఇంట్లో ఒక్కనాడు కూరగాయ తరిగి ఎరగరు. "వేలు తెగితే ఊరేమైపోవాలి?" అనేవారు. ఊరికి వచ్చే నష్టం గురించి అక్కకి వేరే అభిప్రాయం ఉండేది గానీ బయటికి అనేది కాదు.

"మనిషంటే ఏంటి అమ్మాయ్? నరాల మూట" అనేవారు నాతో, నేను పప్పు రుబ్బుకుంటుంటే గుమ్మంలో నిలబడి. "గుండె, కాలేయం, కిడ్నీలు, ఇవన్నీ ఆ తాళ్ళకి వేలాడదీసిన సామాన్లు. డాక్టర్లు సామాన్లు చూస్తారు, తాడు చూడరు. ఒంట్లో డెబ్బై రెండు వేల నరాలున్నాయి. సగానికి పైగా నాకు తెలుసు."

మిగతా సగం ఏమైందని నేను ఎప్పుడూ అడగలేదు.

నొప్పి ఎక్కడ అని ఆయన అడిగేవారు కాదు. అడిగితే తెలియనట్టు కదా. వెనక్కి వెళ్ళి, కళ్ళు మూసుకుని, వేలుని వీపు మీద అలా అలా నడిపించేవారు. నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగేది. "ఆఁ! ఇక్కడున్నాడు దొంగ!" అని దిగేసేవారు. అవతలి మనిషి కెవ్వుమనేవాడు. ఎంత గట్టిగా అరిస్తే మా బావగారికి అంత సంతోషం. తర్వాత ముందుకొచ్చి, మొహంలో మొహం పెట్టి, "తగ్గిందా?" అనేవారు. ఆ మనిషి నసిగితే మళ్ళీ నొక్కి, "తగ్గిందా లేదా?" అనేవారు. మూడోసారి అడిగేటప్పటికి లోకంలో ఎవరికైనా తగ్గిపోయేది. పెద్దాయన, డబ్బులు ముట్టుకోడు, కాఫీ ఇస్తే తాగుతాడు, అంత ప్రేమగా అడుగుతున్నాడు, తగ్గలేదని ఏ నోటితో చెప్తారు?

రేపల్లెలో మా చిన్నత్తగారి కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకు తండ్రికి బస్సు ప్రయాణంలో మెడ పట్టేసింది. మా బావగారు అది దూరం నుంచే కనిపెట్టి, విడిదిలో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పారు. అప్పటిదాకా కొంచెం వంకరగా ఉన్న మెడ పూర్తిగా ఎడమవైపు తిరిగి ఆగిపోయింది. కుడివైపు మండపంలో తాళి కడుతున్నారు. ఆ పెద్దమనిషి వంటవాళ్ళ గాడిపొయ్యి వైపు చూస్తూ అక్షింతలు వేశాడు. ఫోటోలన్నింటిలోనూ ఆయన గారెల కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటాడు. "తగ్గింది కదండీ?" అని మా బావగారు అడిగితే, "చాలా తేలిగ్గా ఉందండి" అన్నాడు, గాడిపొయ్యి వైపు తిరిగి.

నేనూ తక్కువ తినలేదు. ఒకసారి గ్యాసు బండ జరపబోయి భుజం పట్టేసింది. బావగారు వేలు పెట్టారు. "తగ్గింది బావగారూ" అన్నాను. తర్వాత నాలుగు రోజులు ఎడమచేత్తో తల దువ్వుకున్నాను, అదీ ఆయన వీధిలోకి వెళ్ళాక.

ఇట్లాంటి మనిషికి జబ్బు చేసింది.

మొదట ఒళ్ళంతా దురద. వంకాయ కూర మీద పెట్టారు నేరం. మనిషి చిక్కిపోతుంటే వచ్చినవాళ్ళంతా "సన్నబడ్డారు, బాగున్నారు" అన్నారు. ఎప్పుడూ లేని షుగరు వచ్చింది. ఈ వయసులో ఎవరికి లేదు అన్నారు. తర్వాత నడుం పైన, వీపు మధ్యలో నొప్పి. వెల్లకిలా పడుకోలేరు. దిండు పొట్టకి హత్తుకుని ముందుకి వంగి కూర్చుంటే కాస్త నయం. మనం అయితే ఏం చేస్తాం, డాక్టరు దగ్గరికి వెళ్తాం. ఆయన ఎందుకు వెళ్తారు? వీపులో నొప్పి అంటే సొంత ఊళ్ళో దొంగతనం జరిగినట్టు ఆయనకి.

"నరం మడతపడింది" అని తేల్చేశారు. వీపు వెనక తన వేలు తనకి అందదు కాబట్టి అక్క చేతికి అప్పడాల కర్ర ఇచ్చి, బోర్లా పడుకుని, "పైన, ఇంకొంచెం పైన, ఆఁ! అక్కడున్నాడు!" అని చెప్తుండేవారు. అక్క ఆ కర్రతో ఆయన వీపు మీద అప్పడాలు చేసేది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని కొట్టినంత పని అదొక్కటే. అది కూడా ఏడుస్తూ చేసింది.

తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లంటే మాలాంటివాళ్ళకి ఆసుపత్రి గుర్తుకురాదు, పసరు గుర్తుకొస్తుంది. కర్లపాలెం దాటాక ఒక పల్లెలో ఒకాయన ఇస్తాడు. తెల్లారకముందే పరగడుపున తాగాలి, ఉప్పూ నూనే లేకుండా పెరుగన్నం తినాలి. మా బావగారు మూడు విడతలు తాగారు. మణికట్టు మీద వాత కూడా వేయించుకున్నారు. ఎడమచేతికే వేయించుకున్నారు లెండి, కుడి బొటనవేలికి దూరంగా ఉండాలని.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. రోజూ పొద్దున్నే ఆయన మా వంటింటి గుమ్మంలోకి వచ్చి, కింద రెప్ప ఆ వేలితోనే కిందికి లాగి, "చూడమ్మాయ్, తగ్గిందా?" అని అడిగేవారు. ఆ కన్ను పసుపుకొమ్ము రంగులో ఉండేది. నేను గరిటె పట్టుకుని, "తగ్గింది బావగారూ. నిన్నటికన్నా నయం" అనేదాన్ని. మర్నాడూ అదే మాట. రెండు నెలలు, రోజూ, ఆయన అడగడం, నేను తగ్గించడం. పెద్దవారు పొద్దున్నే వచ్చి అడుగుతుంటే ఇంకేమనాలో నాకు తెలీలేదు. అట్లా అని నాకు నేను చెప్పుకున్నాను.

అక్క మాత్రం చెప్పుకోలేదు. మూడో విడత పసరు తాగి, ఇద్దరూ కర్లపాలెం నుంచి బస్సులో బాపట్ల వచ్చారు. స్టేషన్‌కి వెళ్ళాల్సిన ఆటోని అక్క ఆసుపత్రి ముందు ఆపించింది. బావగారు దిగనన్నారు. "సరే, మీరు కూర్చోండి. నేనే వెళ్ళి మీ కడుపు స్కానింగ్ చేయించుకొస్తా" అని అక్క ఒక్కతే లోపలికి వెళ్ళిపోయింది. ఆటోవాడి ముందు పరువు పోతుందని ఆయన వెనకాలే వెళ్ళారు. అక్కడి డాక్టరు గారు నరమూ అడగలేదు, పసరూ అడగలేదు. ఒక్కసారి కళ్ళలోకి చూసి స్కానింగ్‌కి రాసిచ్చారు. అది చూసి, పైత్యం దిగడానికి లోపల ఒక సన్న గొట్టం వేయించమన్నారు. తెనాలికి వారానికో రోజు వచ్చే ఆపరేషన్ల డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

ఆ డాక్టరమ్మది వేటపాలెం. పొట్టిగా, సన్నగా ఉంటుంది. ఆపరేషన్ బల్ల అందక పీట వేసుకుని నిలబడుతుందని నర్సులు చెప్పుకుంటారు. మా బావగారు ఆవిడ చేతుల వైపు చూసి, నా చెవిలో, "వేలు చూడమ్మాయ్, బెండకాయలా ఉంది. ఈ పిల్ల ఏం పట్టుకుంటుంది?" అన్నారు.

ఆవిడ వినే ఉంటుంది. విననట్టు కాగితం మీద బొమ్మ వేసింది. "ఇది కడుపు. దీని వెనకాల, వెన్నుకి ఆనుకుని అడ్డంగా ఉండేది పాంక్రియాస్. క్లోమం అంటారు. దీని తల దగ్గర గడ్డ ఉంది పెదనాన్నా. కేన్సరు గడ్డ. పైత్యం దిగే గొట్టం ఈ తలలోంచే వెళ్తుంది, గడ్డ దాన్ని నొక్కేసింది. అందుకే కళ్ళు పచ్చబడ్డాయి."

"మరి వీపు నొప్పి?" అంది అక్క.

"ఆ నొప్పి నరాలది. ఈ జబ్బుకి ఒక పాడు అలవాటుంది. నరం దొరికితే వదలదు. ప్రతి నరం చుట్టూ పల్చటి తొడుగు ఉంటుంది. ఆ తొడుగులో దూరి, నరం వెంట పాకుతూ పోతుంది. నరమూ ఊరికే ఉండదు. అది పెరగడానికి విడిచే రసమే దీనికి మేత అవుతుంది. ఒకటి పిలుస్తుంది, ఇంకొకటి వెళ్తుంది. ఇక్కడ, ఈ పెద్ద రక్తనాళం చుట్టూ నరాలు జడలాగా అల్లుకుని ఉంటాయి. అటు బయల్దేరింది మీది."

కేన్సరు అన్న మాట దగ్గరే అక్క కుర్చీ చెయ్యి పట్టుకుని ఉంది. మా బావగారి మొహం మాత్రం వెలిగిపోయింది. అబద్ధం చెప్పడం లేదు, నిజంగా వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "విన్నావా అమ్మాయ్? నరాల జబ్బు! అంత చదువుకున్నావిడే ఒప్పుకుంది!" అన్నారు.

ఇంటికి వస్తూ దారిలో నలుగురికి చెప్పారు. మర్నాడు ఎరువుల కొట్టుకి వెళ్ళి చెప్పొచ్చారు. అంగలకుదురు నుంచి చూడటానికి వచ్చిన మా ఆయన పెదనాన్న కొడుకు మంచం పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే, ఈయన లేచి కూర్చుని, "నలభై ఏళ్ళ నుంచి నేను మొత్తుకునేది ఇదే కదరా! అన్నీ నరాల వెంటే నడుస్తాయి. ఇప్పుడు సైన్సు నా దారికొచ్చింది" అన్నారు. వాడు ఏడవాలో అభినందించాలో తెలీక కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

అంతవరకూ బాగానే ఉంది. పేచీ ఆపరేషన్ మాట దగ్గర వచ్చింది.

తర్వాతి వారం డాక్టరమ్మ మళ్ళీ బొమ్మ వేసింది. గడ్డ ఉన్న తల భాగం తీసేస్తుంది. దాన్ని చుట్టుకుని ఉన్న పేగు మలుపు, పిత్తాశయం, పైత్యపు గొట్టం కింది ముక్క, కడుపులో చివరి కొస, అన్నీ దానితోపాటే వస్తాయి. మిగిలినవాటిని పేగుకి మూడు చోట్ల అతికి కుడుతుంది. పూట పట్టే ఆపరేషన్. మా బావగారు అన్నింటికీ తలూపారు. పేగా? తీసుకోమన్నారు. కడుపు కొసా? ఫరవాలేదన్నారు. సామాన్లే కదా.

"ఈ నాళానికి కుడివైపు అంటుకున్న నరాల పొర కూడా ఒలిచి తీసేస్తాను" అంది డాక్టరమ్మ.

"నరాలా?"

"నరాలే పెదనాన్నా."

"నరం కొయ్యడానికి వీల్లేదు."

"వదిలేస్తే జబ్బుని వదిలేసినట్టే. అది దాక్కునేదే అందులో."

"నరం మీద కత్తి పెడితే మనిషి మనిషి కాడమ్మా. నొక్కాలి, సర్దాలి, బతిమాలాలి. కొయ్యకూడదు. మిగతాదంతా నీ ఇష్టం."

"అన్నీ తియ్యనండి. చుట్టూ తీసేస్తే పేగు అదుపు తప్పి విరేచనాలు పట్టుకుంటాయి. సగం వైపు ఉంచుతాను. కానీ ఈ సగం తియ్యాలి. మీ గడ్డ నాళాన్ని ఇప్పుడు ఆనుకుని ఉంది, ఇంకా పట్టుకోలేదు. పట్టుకుందంటే ఇక నేను కొయ్యలేను. ఎక్కువ రోజులు లేవు."

"ఆలోచించుకుంటా" అని లేచి వచ్చేశారు. ఇంట్లో మా ఆయన బతిమాలారు, అక్క అన్నం మానేసింది. ఆయన దిండు హత్తుకుని కూర్చుని, "సైన్సు సగం దూరమే వచ్చింది" అంటారు. మేమందరం ఆయన్ని ఎప్పుడూ ఒప్పుకుంటూ వచ్చినవాళ్ళం కదా. కాదనడం అలవాటు లేని ఇల్లు. ఎలా కాదనాలో ఒక్కరికీ రాలేదు.

మూడో వారం, చివరిసారి అడిగి చూద్దామని మళ్ళీ తీసుకెళ్ళాం. డాక్టరమ్మ మెడ ఒకవైపు వాల్చి, ఒక చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది.

మా బావగారు కేన్సరు మర్చిపోయారు. "ఆ మెడ ఏంటమ్మా?"

"నిన్న ఎనిమిది గంటలు వంగి నిలబడ్డాను పెదనాన్నా. పట్టేసింది."

ఇంకేముంది, ఆయన కుర్చీ వెనక్కి వెళ్ళారు. అక్క "ఏవండీ" అంది. నర్సు ఆపబోయింది. డాక్టరమ్మే చెయ్యెత్తి వద్దంది. చిక్కిపోయిన ఆ మనిషికి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, వేలు నడిచింది, ఆగింది. "ఆఁ! ఇక్కడున్నాడు దొంగ!"

డాక్టరమ్మ అరవలేదు. కళ్ళు మూసుకుంది.

ఆయన ముందుకొచ్చి, "తగ్గిందా?" అన్నారు.

"లేదండి."

మళ్ళీ వెనక్కి వెళ్ళి నొక్కారు. "తగ్గిందా లేదా?"

"లేదు పెదనాన్నా."

నర్సు ఫ్యాను వైపు చూస్తోంది. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి నొక్కి, మొహంలో మొహం పెట్టి, నలభై ఏళ్ళుగా ఎవరూ దాటని ఆ మూడో ప్రశ్న వేశారు.

"తగ్గలేదండి. నిజం చెప్పాలంటే ఇంకొంచెం ఎక్కువైంది."

ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని, తన వేలి వంక చూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "అమ్మాయ్. నీకు ఆ రోజు భుజం తగ్గిందన్నావే?"

నేను నేల చూపులు చూశాను. "లేదు బావగారూ."

"కళ్ళు? రోజూ తగ్గాయన్నావే?"

"లేదు బావగారూ. రోజూ ఎక్కువయ్యాయి."

ఆ మాట నోట్లోంచి వచ్చాక నేను ఏడ్చాను. ఆయన అక్క వైపు తిరిగి, "నీకు?" అన్నారు.

"పెళ్ళైన మూడో రోజు నుంచి ఒక్కసారి కూడా లేదు" అంది అక్క, చెంగు తియ్యకుండానే.

నర్సు నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తింది.

బావగారు డాక్టరమ్మ వైపు చూశారు. "నువ్వు అబద్ధం ఆడవన్నమాట. సరే చెప్పు. కోస్తే బతుకుతానా?"

"చెప్పలేనండి. చాలామందికి మళ్ళీ వస్తుంది. కొయ్యకపోతే మాత్రం బతకరు, అది చెప్పగలను."

"నాళం మీంచి నరాలు ఒలుస్తానంటున్నావు. నాళం తెగితేనో?"

"మా అమ్మ వేటపాలెంలో జీడిపప్పు షెడ్డులో పనిచేసేది. పప్పు మీద పొర తియ్యాలి, లోపలి గుండు పప్పు విరక్కూడదు. విరిగితే మేస్త్రీ తిట్టేవాడు. సెలవుల్లో నేనూ కూర్చుని ఒలిచేదాన్ని. ఇప్పుడు చేసేదీ అదే పని. మేస్త్రీ బదులు పెద్దమ్మ ఉంది తిట్టడానికి."

"అది తిట్టదమ్మా" అన్నారు బావగారు, అక్క వైపు చూసి. "మనసులో పెట్టుకుంటుంది. ఎక్కడ సంతకం పెట్టాలి?"

ఆపరేషన్ గుంటూరులో. పొద్దున్న తీసుకెళ్ళినవాళ్ళు సాయంత్రం దాకా రాలేదు. డాక్టరమ్మ బయటికొచ్చి, పీట మీద నిలబడీ నిలబడీ కాళ్ళు వాచాయేమో, మా బెంచీ మీదే మా పక్కన కూలబడింది. తీసిన ముక్క అంచుని అక్కడికక్కడే పరీక్షకి పంపిందట. ఒక నరం తొడుగులో ఆ పాడు కణాలు ఇంకా ఉన్నాయన్నారట. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకొంచెం ఒలిచింది. రెండోసారి అంచు శుభ్రంగా ఉందన్నారు. "నాళం విరగలేదు పెద్దమ్మా" అంది. అక్క ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నాకు ఒకటి అడగాలని ఉండి, అందరూ లేచాక అడిగాను. "రెండు నెలల ముందు వచ్చి ఉంటే, అమ్మా?"

"చెప్పలేనండి. అప్పటికే బయల్దేరి ఉండొచ్చు. ఇంత దగ్గరికి మాత్రం వచ్చేది కాదేమో."

ఆ "ఏమో" నా దగ్గరే ఉంది.

తర్వాత ఆర్నెల్లు మందు ఎక్కించారు. ముద్దముద్దకీ అరుగుదల గోలీలు. విరేచనాలు తప్పలేదు. దొడ్లోకి పరిగెత్తుతూ, "పోయిన నరాల మర్యాద ఇది!" అని అరిచేవారు. మనిషి తేరుకున్నాక మళ్ళీ రేపల్లె రైలెక్కడం మొదలుపెట్టారు. కానీ ఇప్పుడు ఆయనతో కొత్త చిక్కొచ్చింది. ఎవరన్నా తగ్గిందంటే నమ్మరు. "ఒట్టు వెయ్యి" అంటారు. "మీ అమ్మ మీద ఒట్టేసి చెప్పు" అంటారు. తగ్గినవాళ్ళు కూడా భయపడి తగ్గలేదనేవారు. అది విని, "చూశావా, అందుకే ఆసుపత్రికి పొమ్మంటున్నా" అని తిట్టేవారు. నెలలోపు రైల్లో ఆయన వీపులన్నీ పక్క పెట్టెలోకి మారిపోయాయి.

వీపులు పోయాక కళ్ళ మీద పడ్డారు. ఎదురుగా కూర్చున్న మనిషి కింద రెప్ప లాగి చూడటం. వేమూరులో ఒకాయన కొట్టబోయాడు. ఇంకోసారి సముద్రం వేటకి వెళ్ళే మనిషి ఒకడు రేపల్లెలో రైలు దిగబోతుంటే పట్టుకున్నారు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. చొక్కా జేబులో పసరు పొట్లం. మా బావగారు ఆ పొట్లం తీసి పట్టాల మీద పారేసి, ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా తన చొక్కా ఎత్తి, పొట్ట మీద అడ్డంగా ఉన్న కుట్టు చూపించి, "పసరు పనిచేస్తే నాకిది ఎందుకురా?" అని అరిచారట. వాడు ఆసుపత్రికి వెళ్ళాడో, ఇంకో పొట్లం తెచ్చుకున్నాడో తెలీదు. వెళ్ళాడనే ఈయన చెప్పుకునేవారు. మేం ఒట్టు వెయ్యమనలేదు.

ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం నేను వెనక వాటా నుంచి వస్తుంటే, ముందు గదిలో ఆయన దిండు పొట్టకి హత్తుకుని వంగి కూర్చుని ఉన్నారు. నన్ను చూసి దిండు పక్కన పెట్టేశారు. నేరుగా వెళ్ళి అక్కకి చెప్పాను. ఈసారి రెండు రోజులు కూడా ఆగలేదు మేం.

డాక్టరమ్మ స్కానింగ్ కాగితాలు చూసి, బల్ల మీద బోర్లించింది. "తిరిగొచ్చింది పెదనాన్నా. నాళం చుట్టూ, ఉంచిన వైపు నరాల వెంట. ఈసారి కోసేది లేదు."

"ఊఁ" అన్నారు ఆయన. దడవలేదు. ఆ పిల్ల ఏది చెప్పినా అట్లాగే వినేవారు, లెక్కల మేస్టారి దగ్గర కూర్చున్నట్టు.

"నొప్పికి మాత్రం ఒకటి చేస్తాను. కడుపు వెనక ఆ నరాల జడ దగ్గరికి వీపులోంచి సూది పంపి మందు వేస్తే, నొప్పి కబురు పైకి వెళ్ళకుండా ఆగుతుంది."

"ఎక్కడ వేస్తావు?" అని ఆయన కుర్చీలో పక్కకి తిరిగారు. చొక్కా ఎత్తితే వెన్నెముక పూసలు లెక్కపెట్టొచ్చు. డాక్టరమ్మ లేచి వచ్చి ఒకచోట వేలు ఆనించింది. ఆయన చెయ్యి వెనక్కి తిప్పారు. ఇదివరకు అందని వీపు, చిక్కిపోయాక అందుతోంది. ఆవిడ వేలు పట్టుకుని రెండంగుళాలు పక్కకి జరిపారు. "అక్కడ కాదమ్మా. ఇదిగో, ఇక్కడున్నాడు."

ఆ సూది స్కానింగ్ తెర మీద చూసుకుంటూ వేస్తారనీ, పైనుంచి చేత్తో తడిమి చెప్పేది కాదనీ డాక్టరమ్మ అంతకుముందే బయట మా ఆయనకి చెప్పింది. నేను అక్కడే ఉన్నాను.

ఆ పిల్ల వేలు అక్కడే ఉంచి, "అవును పెదనాన్నా. అక్కడే. మీరు చెప్పిన చోటే వేస్తాను" అంది.

బావగారు చొక్కా దించుకోలేదు. మెడ తిప్పి ఆవిడ మొహం వంక చూస్తూ ఉండిపోయారు. ఆవిడ వెళ్ళి కాగితం మీద ఏదో రాయడం మొదలుపెట్టింది, తల ఎత్తకుండా.

బయటికొచ్చాక అక్క ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళింది. మెట్ల దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకుని దిగుతూ, నెమ్మదిగా అన్నారు. "మీ అక్క తమ్ముళ్ళని రమ్మని ఫోన్ చెయ్యి అమ్మాయ్. ఎక్కువ రోజులు లేవు."

"అదేంటి బావగారూ, డాక్టరమ్మ అట్లా అనలేదుగా?"

"అనలేదు. మొదటిసారి నా మాటకి అవునని, నాతో మర్యాదగా మాట్లాడింది, చూడలేదా?"

ఆటో వచ్చింది. అక్క ముందు సర్దుకుని కూర్చుంది. ఆయన ఎక్కి, అక్క చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, "ఇంటికి పోనీ బాబూ" అన్నారు.